600 కావాలని వచ్చి 300 దగ్గర ఆగిన కేసు

పక్షుల ఫొటోల కోసం టెలిఫొటో లెన్స్ కొనాలనుకునేవారు నాతో మొదలుపెట్టే సంభాషణ దాదాపు ఒకటే: 400 సరిపోతుందా, 600 కావాలా? (ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్. అది పెరిగేకొద్దీ దూరపు పిట్ట పెద్దగా కనిపిస్తుంది.) ఈ కేసూ అలాగే మొదలైంది. మిల్లీమీటర్లలో అడిగిన ప్రశ్నకు చివరికి మీటర్లలో జవాబు దొరికింది కాబట్టి దీన్ని రాసిపెడుతున్నాను. మనిషిని పోల్చుకోగలిగే వివరాలు తీసేశాను. లెన్సుల కొలతలు, లెక్కలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాను.

నేపథ్యం

ఈ ప్రశ్నతో వచ్చిన ఆవిడకు పక్షులు ముందు, కెమెరా తర్వాత. బైనాక్యులర్స్‌తో ఏళ్ల తరబడి తిరిగిన మనిషి. కూత విని పిట్టను పోల్చగలరు, ఏది ఎగిరిపోయి మళ్లీ ఏ కొమ్మ మీదికి వస్తుందో ముందే చెప్పగలరు. కెమెరా 24 మెగాపిక్సెళ్ల ఏపీఎస్-సీ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్) ఉన్న నికాన్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే రకం కెమెరా), దానితో ఒక 70-300 జూమ్. తిరిగే చోట్లు రెండు రకాలు: ఒకటి చెరువు గట్టు, రెండోది దాని వెనకున్న పొదలు, చెట్లు. కుడి భుజానికి పాత నొప్పి ఉందన్న సంగతి మొదటి సంభాషణలో మాటల మధ్య వచ్చి పోయింది. లెన్స్‌కు సంబంధించిన విషయంగా ఆవిడ దాన్ని చెప్పలేదు. నేను మాత్రం రాసుకున్నాను.

నా దగ్గరికి వచ్చేసరికే రెండు ప్రయత్నాలు అయిపోయాయి. మొదటిది 2ఎక్స్ టెలికన్వర్టర్, అంటే లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి ఫోకల్ లెంగ్త్‌ను రెట్టింపు చేసే గాజు ముక్క. అది 300ను 600 చేసేమాట నిజమే గానీ, బదులుగా రెండు స్టాపుల వెలుతురు తీసుకుంటుంది (ఒక్కో స్టాపుకు వెలుతురు సగమవుతుంది, ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది). 300 దగ్గర ఎఫ్/5.6 ఉన్న జూమ్ కాస్తా ఎఫ్/11 అయింది. డీఎస్ఎల్ఆర్‌లలో ఆటోఫోకస్ సెన్సర్లు సాధారణంగా ఎఫ్/5.6 వరకు, కొన్ని మోడళ్లలో మధ్య పాయింట్లు ఎఫ్/8 వరకు పనిచేస్తాయి. ఎఫ్/11 దగ్గర లెన్స్ ఎక్కడా కుదురుకోకుండా ముందుకూ వెనక్కూ తడుముకుంటూనే ఉండిపోయింది. రెండోది స్నేహితుల దగ్గర అరువు తెచ్చుకున్న 150-600 రకం జూమ్. బరువు రెండు కిలోల దగ్గర. దానితో ఒక సీజను గడిపాక ఫొటోల్లో పిట్టలు పెద్దవయ్యాయి గానీ పదును రాలేదు.

తెచ్చిన సమస్య

ఆవిడ మాటల్లోనే చెప్పాలంటే: "ఈకలు లెక్కపెట్టేలా రావాలండీ. ఇవేమో పొగమంచులో తీసినట్టున్నాయి. ఈ జూమ్ వదిలేసి 600 ఎఫ్/4కు వెళితే సరిపోతుంది కదా?"

దీనికి వెంటనే అవుననో కాదనో చెప్పడం తేలిక. చెప్పలేదు. పదును లేని ఫొటోకు కనీసం అరడజను కారణాలు ఉండవచ్చు, వాటిలో ఒక్కటే లెన్స్ మార్చడంతో పోతుంది. మిగతావన్నీ కొత్త లెన్స్ వెంట కొత్త ఇంటికి వస్తాయి. అందుకని ఎంపిక చేసి దాచుకున్న మంచి ఫొటోలు వద్దని, పారేయబోయినవి సహా మొత్తం కార్డు ఇవ్వమని అడిగాను. తీసిన వరుసలోనే, ఏదీ చెరపకుండా. మంచి ఫొటోలు మనిషి అభిరుచిని చెబుతాయి. చెత్త ఫొటోలు పరికరం సంగతి చెబుతాయి.

ఫైళ్లలో ఉన్నదేమిటి

ప్రతి ఫైలు వెంట కెమెరా రాసిపెట్టే సెట్టింగుల సమాచారం ఉంటుంది. దాన్ని వరుసగా చూస్తే మూడు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, దాదాపు ప్రతి ఫొటో 600 దగ్గరే తీశారు. రెండు, షట్టర్ వేగం 1/250 నుంచి 1/500 సెకను మధ్య ఊగుతోంది. ఆవిడ నాయిస్‌కు (ఫొటోలో కనిపించే గరుకు చుక్కలకు) భయపడి ఆటో ఐఎస్ఓకు (వెలుతురును బట్టి సెన్సర్ సున్నితత్వాన్ని కెమెరాయే పెంచుకునే ఏర్పాటుకు) 800 దగ్గర పరిమితి పెట్టుకున్నారు. వెలుతురు తగ్గిన ప్రతిసారీ కెమెరా తనకు మిగిలిన ఒకే ఒక్క దారి పట్టి, షట్టర్‌ను నెమ్మదింపజేసింది. మూడు, ఉదయం మొదటి అరగంటలో తీసినవి మిగతా వాటికంటే స్పష్టంగా మెరుగ్గా ఉన్నాయి.

రెండో విషయం వెంటనే సరిచేయదగ్గది. చేతితో పట్టుకుని తీసేటప్పుడు పాత కొలమానం ప్రకారం షట్టర్ వేగం కనీసం ఫోకల్ లెంగ్త్‌కు తలకిందులుగా, అంటే 600కు 1/600 సెకనుగా ఉండాలి. ఆవిడ సెన్సర్ ఫుల్ ఫ్రేమ్ కంటే 1.5 రెట్లు చిన్నది (దీన్నే 1.5 క్రాప్ అంటారు) కాబట్టి దాని మీద 600 అంటే 900 లెక్క, అంటే 1/900 ఉండాలి. లెన్స్‌లోని స్టెబిలైజేషన్ ఈ లెక్కను సడలిస్తుంది కదా అని ఆవిడ వాదించారు. సడలిస్తుంది, కానీ మన చేతి వణుకు వరకే. తల విదిలించే పిట్టను ఆపడం దాని వశం కాదు. ఐఎస్ఓ పరిమితిని 3200కు పెంచాం. అదే వెలుతురులో 1/320 బదులు 1/1250 దొరికింది. నాయిస్‌ను ఇంటికి వచ్చాక తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన కన్ను తిరిగి రాదు.

మూడో విషయం నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. మొదటి అరగంట ఎందుకు బాగుంది? రెండు అనుమానాలున్నాయి: గాలి, చేయి. పొద్దెక్కేకొద్దీ నేల వేడెక్కి గాలిలో పొరలు కదలడం మొదలవుతుంది. దూరపు వస్తువు అలల వెనక ఉన్నట్టు వణుకుతుంది. పొడవాటి లెన్స్ పిట్టతో పాటు ఆ వణుకునూ పెద్దది చేస్తుంది, ఎంత గొప్ప లెన్స్ అయినా. రెండో అనుమానం భుజం మీద. రెండింటినీ కలిపి పరీక్షిస్తే ఏదీ తేలదు కాబట్టి విడదీయాలి.

జూమ్‌ను విచారించడం

ముందు లెన్స్‌నే నిలదీశాం. గట్టి ట్రైపాడ్, పది మీటర్ల దూరంలో అచ్చు అక్షరాలున్న కాగితం, రిమోట్ రిలీజ్, స్టెబిలైజేషన్ ఆఫ్. వేళ తెల్లవారుజాము, నేల చల్లగా ఉన్నప్పుడు. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి కొన్ని, వ్యూఫైండర్‌లో ఫోకస్ చేసి కొన్ని తీశాం. లైవ్ వ్యూ ఫొటోలు చక్కగా ఉన్నాయి, వ్యూఫైండర్‌వి మెత్తబడ్డాయి. అంటే గాజులో లోపం లేదు. డీఎస్ఎల్ఆర్‌లో వ్యూఫైండర్ ద్వారా ఫోకస్ చేసే సెన్సర్ వేరు, ఫొటో పడే సెన్సర్ వేరు. ఆ రెండిటి మధ్య, ఒక్కో లెన్స్‌తో ఒక్కో తీరుగా, కొద్ది తేడా సహజం. ఇక్కడ ఫోకస్ కాగితానికి కొంచెం వెనక పడుతోంది. పది మీటర్ల దూరంలో 600 ఎఫ్/6.3 వద్ద, ఏపీఎస్-సీ మీద, పదునుగా కనిపించే లోతు మొత్తం ఇంచుమించు 7 సెంటీమీటర్లు మాత్రమే. అందులో వెనక్కి రెండు మూడు సెంటీమీటర్లు జరిగితే కన్ను పోయి రెక్క పదునెక్కుతుంది. కెమెరాలోని ఫోకస్ ఫైన్ ట్యూన్‌తో సరిచేశాం.

లెన్స్ ముందు రక్షణకని బిగించిన ఒక మామూలు ఫిల్టర్ కూడా ఉంది. తీసి చూస్తే ఇంకొంత తేడా తెలిసింది. చిన్న లెన్సుల మీద కనిపించని ఫిల్టర్ లోపం 600 దగ్గర దాక్కోలేదు. రక్షణకు హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) చాలు.

తర్వాత మధ్యాహ్నం అదే కాగితాన్ని ఎండలో ఉన్న బహిరంగ నేల మీదుగా, ట్రైపాడ్ మీదే, నలభై మీటర్ల నుంచి తీశాం. అక్షరాలు ఒక ఫొటోలో చదవగలిగేలా, తర్వాతి ఫొటోలో కరిగిపోయి వచ్చాయి. దీన్ని ఆవిడ తన కళ్లతో చూడటం అవసరం. అప్పటిదాకా దూరాన్ని ఫోకల్ లెంగ్త్‌తో జయించవచ్చన్న నమ్మకం గట్టిగా ఉండేది.

ఇవన్నీ సర్దుకున్నాక మళ్లీ క్షేత్రంలోకి వెళితే తొలి అరగంట ఫొటోలు నిజంగా బాగా వచ్చాయి. ఆ తర్వాతవి మళ్లీ జారాయి, నీడ ఉన్న చల్లని చోట కూడా. గాలి సంగతి తేలిపోయింది కాబట్టి ఇక మిగిలింది భుజమే.

బరువును మోసే ప్రయత్నాలు

ఆవిడకు ఇక్కడ తొలి ఆలోచన మోనోపాడ్, అంటే ఒంటికాలి స్టాండు. నాకూ అభ్యంతరం లేదు, చెరువు గట్టున అది బాగానే పనిచేసింది. పొదల్లో చేయలేదు. పిట్ట నెత్తిమీద ఉంటే మోనోపాడ్ వెనక్కి వాలాలి, నేల మీద ఉంటే మనిషి కూర్చోవాలి, మోనోపాడ్ ముడుచుకోవాలి. ప్రతి సర్దుబాటుకూ పిట్ట ఆగదు.

తర్వాత ట్రైపాడ్ మీద గింబల్ హెడ్, అంటే బరువైన లెన్స్‌ను తూకంగా పట్టుకుని ఎటైనా తేలిగ్గా తిప్పనిచ్చే బిగింపు. దీనితో వచ్చిన ఫలితం విచిత్రం. పదునైన ఫొటోల సంఖ్య పెరిగింది, పిట్టల రకాలు తగ్గాయి. కార్డు తెరిచి చూస్తే అన్నీ చెరువు గట్టు మీదివే. అంత సామాను మోసుకుని చెట్లలోకి వెళ్లడం ఆవిడ మానేశారు. ఫొటోల నాణ్యత ఒక్కటే కొలిస్తే ఈ దశను విజయం అనవచ్చు. నేను వైఫల్యంగానే రాసుకున్నాను, ఎందుకంటే పిట్టల కోసం తిరిగే మనిషి తిరగడం మానేస్తే ఆ పరికరం తన పని చేయనట్టే.

600 ఎఫ్/4 సంగతి ఈపాటికి దానంతటదే తేలిపోయింది. ఎఫ్ నంబరు అంటే ఫోకల్ లెంగ్త్‌ను ముందు నుంచి కనిపించే రంధ్రం వ్యాసంతో భాగించగా వచ్చేది. 600 ఎఫ్/4కు 150 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. 600 ఎఫ్/6.3కు 95 చాలు, 300 ఎఫ్/4కు 75. బరువు ఆ గాజు వ్యాసంతో పాటే పెరుగుతుంది. 2015లో వచ్చిన నికాన్ 600 ఎఫ్/4ఈ బరువు 3810 గ్రాములు. రెండు కిలోలకే అరగంట ఓర్చుకున్న భుజానికి నాలుగు కిలోల దగ్గరి లెన్స్ సూచించడానికి ఏ తర్కమూ లేదు.

తేలిక లెన్సులు

నికాన్ తన ఫేజ్ ఫ్రెనెల్ (పీఎఫ్) లెన్సులను 2015లో 300 ఎఫ్/4తో మొదలుపెట్టింది. కానన్ ఇలాంటి పద్ధతినే డీఓ పేరుతో 2001లోనే 400 ఎఫ్/4లో వాడింది. మామూలు గాజు రంగులను ఒక దిశలో విడదీస్తే, సన్నని వలయాలు చెక్కిన ఈ మూలకం వ్యతిరేక దిశలో విడదీస్తుంది. రెండూ కలిసి రంగుల లోపాన్ని రద్దు చేసుకుంటాయి, కాబట్టి దానికోసం పేర్చాల్సిన బరువైన గాజు తగ్గుతుంది. 300 ఎఫ్/4 పీఎఫ్ 755 గ్రాములు, అంతకు ముందరి నికాన్ 300 ఎఫ్/4లో ఇంచుమించు సగం. 2018లో వచ్చిన 500 ఎఫ్/5.6 పీఎఫ్ 1460 గ్రాములు. ప్రతిఫలంగా ఇచ్చుకోవాల్సింది కూడా ఉంది: ఫ్రేములో గానీ దాని అంచున గానీ బలమైన వెలుగు ఉంటే రంగు వలయాలు రావచ్చు. సూర్యుడికి ఎదురుగా నీటి మెరుపుల్లో తీసేవారు ఇది చూసుకోవాలి.

కాగితం మీద 500 ఈ కేసుకు అతికినట్టుంది. బరువు తగ్గింది, ఫోకల్ లెంగ్త్ పెద్దగా పోలేదు. కొనకుండా కొన్నాళ్లు వాడి చూడమన్నాను. చెరువు దగ్గర అద్భుతం. పొదల్లో రెండు ఇబ్బందులు వచ్చాయి. జూమ్‌తో ఆవిడకు 150 దగ్గర పిట్టను పట్టుకుని, తర్వాత 600కు వెళ్లే అలవాటు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. ఏపీఎస్-సీ మీద 500 లెన్స్ పది మీటర్ల దూరంలో అడ్డంగా 47 సెంటీమీటర్ల మేర మాత్రమే చూపిస్తుంది. ఆకుల మధ్య దేన్ని చూసినా ఆకే. ఇది సాధనతో చాలావరకు పోయే ఇబ్బంది: కళ్లను పిట్ట మీద నుంచి తీయకుండా కెమెరాను కంటి దగ్గరికి తేవాలి, కంటిని కెమెరా దగ్గరికి కాదు. కొంత సాధన చేశాం, కొంత మెరుగైంది.

రెండో ఇబ్బంది సాధనతో పోయేది కాదు. 500 పీఎఫ్ కనీస ఫోకస్ దూరం 3 మీటర్లు. ఆవిడ కదలకుండా కూర్చునే తీరుకు చిన్న పిట్టలు అంతకన్నా దగ్గరికి వస్తున్నాయి, లెన్స్ ఫోకస్ చేయడానికి నిరాకరిస్తోంది. పిట్టలకు దూరంగా ఉన్నానని వచ్చిన మనిషి చేతిలో, పిట్ట మరీ దగ్గరికి వచ్చిందని ఆగిపోయిన లెన్స్! కేసు మొత్తం నాకు ఇక్కడ తిరగబడింది.

ఆరు మీటర్లు

కూర్చుని లెక్క వేశాం. పిచ్చుక అంత పిట్ట, 15 సెంటీమీటర్లు అనుకుందాం. సెన్సర్ మీద బొమ్మ పొడవు, స్థూలంగా, పిట్ట పొడవును ఫోకల్ లెంగ్త్‌తో గుణించి దూరంతో భాగిస్తే వస్తుంది. 20 మీటర్ల దూరంలో 600తో 4.5 మిల్లీమీటర్లు. ఆవిడ సెన్సర్ మీద మిల్లీమీటరుకు దాదాపు 255 పిక్సెళ్లు కాబట్టి పిట్ట సుమారు 1150 పిక్సెళ్లు. 300తో అందులో సగం, 575 దాకా. అదే 300కు 1.4ఎక్స్ కన్వర్టర్ పెడితే 420 ఎఫ్/5.6 అవుతుంది, పోయేది ఒక్క స్టాపే, ఆటోఫోకస్ తన హద్దులోనే ఉంటుంది. ఆ 420తో 1150 పిక్సెళ్లు రావాలంటే పిట్ట ఎంత దూరంలో ఉండాలి? 14 మీటర్లు.

రెండు కిలోల 600కూ, కన్వర్టర్‌తో కలిపి కిలో దాటని 420కీ మధ్య తేడా ఆరు మీటర్లు. ఇక ప్రశ్న మారిపోయింది: ఆ ఆరు మీటర్లు ఆవిడ సంపాదించగలరా? పొదల్లో సంపాదించగలరు, నిజానికి అప్పటికే సంపాదిస్తున్నారు. బైనాక్యులర్స్ రోజుల విద్య అంతా అదే. చెరువు మధ్యలో ఉన్న బాతు విషయంలో సంపాదించలేరు. దగ్గరికి రావడం వల్ల ఇంకో లాభం కూడా ఉంది, ఇది చాలామంది లెక్కలోకి తీసుకోరు: మధ్యలో ఉన్న వేడి గాలి మందం తగ్గుతుంది. 14 మీటర్ల గాలి గుండా తీసినది 20 మీటర్ల గాలి గుండా తీసినదానికంటే సహజంగానే శుభ్రంగా ఉంటుంది.

300 పీఎఫ్ కనీస ఫోకస్ దూరం 1.4 మీటర్లు, కన్వర్టర్ పెట్టినా అది మారదు. పిట్ట ఒళ్లోకి వచ్చినా పరవాలేదు.

కొనే ముందు ఒక షరతు పెట్టాను. 150-600ను 420 దగ్గర టేపుతో కదలకుండా అంటించి, కొన్నాళ్లు అదే ఫోకల్ లెంగ్త్‌తో పొదల్లో తీయమన్నాను. బరువు సంగతి ఆ పరీక్షలో తేలదు, కానీ 420 చాలుతుందా లేదా అన్నది తేలుతుంది. తిరిగి వచ్చిన ఫొటోల్లో పొదల పిట్టలు నిండుగా ఉన్నాయి, నీటి పక్షులు చిన్నగా ఉన్నాయి. అనుకున్నట్టే. ఆవిడ 300, 1.4ఎక్స్ కన్వర్టర్ తీసుకున్నారు. ఆ తర్వాతి కార్డుల్లో మొదటి అరగంటకూ చివరి అరగంటకూ తేడా కనిపించలేదు. నాకు కావలసిన రుజువు అది.

ఇలాంటి కేసుల్లో ఇప్పుడు నేను చేసేది

కొత్త లెన్స్ అడిగినవారి దగ్గర పాత లెన్స్ ఫైళ్లు ముందు చూస్తాను. షట్టర్ వేగం, ఐఎస్ఓ పరిమితి, ఫిల్టర్, ఫోకస్ తేడా అన్న నాలుగూ సరిచేయకుండా ఏ సలహా ఇచ్చినా ఊహే అవుతుంది. ఫొటోలు తీసిన సమయాలు కూడా చూస్తాను, ఎందుకంటే అలసటను ఎవరూ తమంతట తాము ఫిర్యాదుగా చెప్పరు. లెన్స్ బాగాలేదంటారు. భుజం, మోకాలు, నడుము గురించి నేరుగా అడుగుతాను.

జూమా, ప్రైమా (ఫోకల్ లెంగ్త్ మారని లెన్సా) అన్న చర్చలో నాకు పక్షపాతం లేదు. పిట్టను వ్యూఫైండర్‌లోకి తెచ్చుకోవడం ఇంకా కుదరని వాళ్లకు జూమ్ మేలు, కాస్త బరువైనా సరే. ఈ కేసులో ఆ నైపుణ్యం సగం ముందే ఉంది.

దగ్గరికి వెళ్లమని చెప్పే సలహాకు ఒక హద్దు ఉంది. పిట్ట తినడం ఆపి మెడ నిటారుగా ఎత్తిందంటే, హెచ్చరిక కూత వేసిందంటే, నోట్లో మేతతో గూటికి వెళ్లకుండా పక్క కొమ్మ మీదే తచ్చాడుతోందంటే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చినట్టు. వెనక్కి తగ్గాలి. గూళ్లు కట్టే కాలంలో ఆరు మీటర్ల లెక్క రద్దు. అప్పుడు పొడవాటి లెన్సే సరైన లెన్స్, అదీ లేకపోతే ఆ ఫొటో వద్దు. ఆవిడకు ఈ సంగతి చెప్పాల్సిన అవసరం రాలేదు. కెమెరాతోనే పక్షుల్లోకి వచ్చినవారికి మాత్రం లెన్స్ పేరు చెప్పేముందు ఇదే చెబుతున్నాను.

ఇదే ప్రశ్న మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా ఉన్నవారి నుంచి వస్తే జవాబు కొంత మారుతుంది. అక్కడ ఫోకస్, ఫొటో రెండూ ఒకే సెన్సర్ మీద జరుగుతాయి కాబట్టి ఫైన్ ట్యూన్ గొడవ చాలావరకు ఉండదు. ఎఫ్/8, ఎఫ్/11 దగ్గర కూడా ఆటోఫోకస్ పనిచేసే బాడీలున్నాయి. కానన్ 2020లో ఎఫ్/11 స్థిర ఎపర్చర్‌తో 600, 800 లెన్సులు తెచ్చింది ఆ ధీమాతోనే. ఆ 600 బరువు 930 గ్రాములు. తేలిక లెన్స్‌కు అక్కడ ఇంకో దారి ఉంది, మంచి వెలుతురు ఉన్నంతసేపు.

తేలకుండా మిగిలినవి

నీటి పక్షులు ఈ ఎంపికలో నష్టపోయాయి, ఆ మాట ముందే అనుకున్నాం. వలస పక్షులు దిగే నెలల్లో ఆవిడ అదే జూమ్‌ను మళ్లీ అరువు తెచ్చుకుని, గట్టు మీద ఒక్కచోట గింబల్ వేసుకుని కూర్చుంటారు. మోసుకు తిరగరు కాబట్టి భుజం సహకరిస్తోంది. ఎత్తున తిరిగే గద్దలను ఫొటో కోసం చూడటం మానేశారు, బైనాక్యులర్స్‌తోనే చూస్తున్నారు.

కన్వర్టర్ విషయంలో మాత్రం మాకు ఏకాభిప్రాయం లేదు. చెట్ల నీడలోకి వెళ్లేటప్పుడు దాన్ని తీసేయాలని నా వాదన. ఎఫ్/4కు ఒక స్టాపు వెలుతురు ఎక్కువ, ఫోకస్ చురుకు, పది మీటర్ల దగ్గర ఫ్రేము 56 నుంచి 78 సెంటీమీటర్లకు విశాలమై పిట్ట సులువుగా దొరుకుతుంది. ఆవిడ శాశ్వతంగా ఉంచేశారు. పొదల్లో లెన్స్ విప్పితే సెన్సర్ మీద దుమ్ము పడుతుందని ఒక కారణం, విప్పి బిగించేలోగా పిట్ట వెళ్లిపోతుందని ఇంకో కారణం. నీడలో తీసిన ఫైళ్లలో ఐఎస్ఓ 3200 గోడకు తగిలి షట్టర్ మళ్లీ 1/400కు దిగిన సందర్భాలను చూపించాను. పరిమితిని 6400కు పెంచుకున్నారు, కన్వర్టర్ అలాగే ఉంది.